రేకుల వెనక జడలపిల్ల

కిందటి వారం మనం ఆర్డిస్ టోలెఫ్సన్‌ను ఇరవై అడుగుల ఎత్తున క్రేను తొట్టెలో నిలబెట్టి, చేతికో పానా ఇచ్చి, మన దారిన మనం వచ్చేశాం. పాపం, అరవై ఏడేళ్ల మనిషి, వారం నుంచీ అక్కడే ఉంది. ఇవాళ దించుదాం. కానీ దిగేటప్పుడు ఆమె ముఖం చూడలేకపోతే నన్ను తిట్టకండి.

కొత్తగా చేరినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. టిల్బీ అయోవాలో మొక్కజొన్న చేల నడుమ ఉన్న చిన్న ఊరు. శనివారం సాయంత్రాలు దాని మెయిన్ స్ట్రీట్‌లో భుజం భుజం రాసుకోకుండా నడవడం కుదరని రోజులుండేవి. ఇప్పుడు సగం కొట్ల అద్దాల మీద దుమ్ము, దుమ్ము వెనక ‘అద్దెకు ఇవ్వబడును’ అన్న కాగితం, ఆ కాగితం కూడా వెలిసిపోయింది. మిగిలిన కొట్లలో ఒకటి ఆర్డిస్ బూట్ల దుకాణం. వాళ్ల నాన్న హాల్వర్ 1963లో ఆ మేడ ముఖం మొత్తానికి అల్యూమినియం రేకులు తొడిగించాడు. ఆ రేకుల వెనక పాత రాతి చెక్కడాలు చెక్కు చెదరకుండా ఉన్నాయని చెప్పి, రాష్ట్రం వాళ్ల సాయం కోసం ఆర్డిస్ సంతకం చేసి మరీ దరఖాస్తు పంపింది. సోమవారం ఇన్‌స్పెక్టరమ్మ వస్తుంది. చెక్కడాలుంటే వీధికి సాయం. లేకపోతే ఆర్డిస్ మేడనూ, దానికి గోడ కలిసిన పక్క మేడనూ పడగొట్టి కార్లు నిలుపుకునే జాగా చేయాలని ఊరి సభ తీర్మానం చేసి పెట్టుకుంది. ఆ తీర్మానం మీద సంతకం చేసిన మేయరు నారిస్ టోలెఫ్సన్, ఆర్డిస్ సొంత తమ్ముడు. పదకొండేళ్ల కిందట హైవే పక్కన పెద్ద స్టోరు రావడానికి ఒప్పుకున్నవాడూ అతనే. ఆనాటి నుంచి అక్క అతన్ని పేరు పెట్టి పిలవలేదు. తప్పనిసరై మాట్లాడితే ‘మేయర్ గారూ’ అంటుంది. ఆ ‘గారూ’కి ఉన్న పదును బూట్ల కత్తికి కూడా ఉండదు.

మొన్న ఆ మేయర్ గారు తనంతట తానే దుకాణం గుమ్మంలోకొచ్చి, “ఆ రేకుల జోలికి పోవద్దు ఆర్డిస్” అన్నాడు. ఎందుకో చెప్పలేదు. ఓర్వలేనితనం అనుకుందామె.

సరే, ఇక శనివారం పొద్దున.

టిల్బీ జనానికి ఒక అలవాటుంది. చూడ్డానికి ఏదైనా జరుగుతుందంటే ముందురోజే మడత కుర్చీ తెచ్చి రోడ్డంచున వేసి ఇంటికి పోతారు. జూలై ఊరేగింపుకైనా అంతే, పాత నీళ్ల ట్యాంకు కూల్చినప్పుడైనా అంతే. ఆ కుర్చీని ఇంకొకళ్లు జరపరు, ఎత్తుకుపోరు. శుక్రవారం సాయంత్రం ఆర్డిస్ దుకాణం మూసేసరికి ఎదుటి ఫుట్‌పాత్ నిండా కుర్చీలే. ఖాళీ కుర్చీల్ని చూసి కళ్లనీళ్లు పెట్టుకున్న మనిషిని మీరెప్పుడైనా చూశారా? ఆ సాయంత్రం ఆవిడ్ని చూడాల్సింది.

తెల్లారేసరికి కుర్చీలు నిండాయి. అందరూ జడలపిల్ల కోసమే వచ్చారు. పాత పోస్టుకార్డుల్లో ఉంటుంది ఆ పిల్ల, నడిమి కిటికీ మీద రాతి ముఖం, రెండు జడలు, కొంచెం మూతి ముడుచుకుని. నార్వే నుంచి వచ్చిన ఆర్డిస్ ముత్తాత 1898లో తన కూతుర్ని ఎదుట కూర్చోబెట్టుకుని చెక్కాడట. ఆ కూతురే ఆర్డిస్ అమ్మమ్మ, అంటే అమ్మ ఇంగాకు తల్లి. ఊళ్లో ముసలివాళ్లు ఆ పిల్లని చూసి అరవై ఏళ్లయింది, కుర్రవాళ్లు అసలు చూడనేలేదు.

పక్క మేడ నోయెమీ అద్దెకు తీసుకుంది. గ్వాటెమాలా నుంచి వచ్చి, పందిమాంసం ఫ్యాక్టరీలో ఎనిమిదేళ్లు చలిగదిలో కత్తి పట్టి, ఆ కష్టమంతా తెచ్చి ఒక పెద్ద పొయ్యిలో పోసింది. ఆర్డిస్ మాట మీద. రొట్టెల కొట్టు ఇంకా తెరవలేదు గానీ, ఆ పొద్దున పళ్లెం నిండా తియ్యని బన్నులు పట్టుకుని కుర్చీల మధ్య తిరిగింది.

“ఎలా ఉన్నాయి?” అని అడిగింది ఒక ముసలాయన్ని.

“ఫర్వాలేదు” అన్నాడాయన, ఇంకోటి తీసుకుంటూ.

నోయెమీ ముఖం వాడిపోవడం పై నుంచి చూసి ఆర్డిస్ కేకేసింది. “ఏయ్ నోయెమీ, దిగులుపడకు! మా ఊళ్లో ఫర్వాలేదంటే అంతకు మించిన మెప్పు లేదు. వాళ్లావిడ నలభై ఏళ్లు వండిపెట్టినా ఆయన నోట ఆ మాట రాలేదు!”

కుర్చీలన్నీ నవ్వాయి. ఆ వీధిలో అంతమంది ఒక్కసారి నవ్వి ఎన్నాళ్లయిందో. ఆర్డిస్ పానా బిగించింది. మొదటి బోల్టు నేనే విప్పుతానని క్రేను నడిపేవాడితో పేచీ పెట్టుకుని మరీ ఎక్కింది కదా.

కుర్చీ తేనివాడు ఒక్క వెర్లిన్ క్రాస్. రిటైరైన తాపీమేస్త్రీ, ఎనభై ఏళ్లవాడు. రోజూ పదింటికి ఆర్డిస్ దుకాణం వెనక గదిలో ఆమెతో కాఫీ తాగేవాడు. ఆ పొద్దున దీపస్తంభాన్ని ఆనుకుని, టోపీ కళ్ల మీదికి లాక్కుని నిలబడ్డాడు.

మొదటి రేకు కిర్రుమంటూ ఊడింది. పావురాల గూళ్లు, అరవై ఏళ్ల దుమ్ము జలజల రాలాయి. ఆర్డిస్ తుమ్మింది, కళ్లు తుడుచుకుంది, చూసింది.

గోడ.

ఇటుకలు, వాటి మీద ఉలి గాట్లు. కిటికీ మీద కనుబొమలాంటి రాతి వంపు ఉండాల్సిన చోట పళ్లు ఊడగొట్టిన చిగుళ్లలా గరుకుగా, ఎర్రగా ఉంది.

“ఇదొక్కటీ పోయినట్టుంది. రెండోది తీయండి” అంది.

రెండోది తీశారు. మూడోది తీశారు. పైన చెక్కిన రాతి అంచు లేదు, ద్రాక్షగుత్తులు లేవు, మేడ కట్టిన ఏడు లేదు. ముందుకు పొడుచుకొచ్చిందల్లా ఎవరో ఓపిగ్గా నరికేశారు. నడిమి కిటికీ మీద జడలపిల్ల ఉండాల్సిన చోట నలుచదరపు గుంట, దాన్ని ఇటుకలతో, సిమెంటుతో పూడ్చేశారు.

కింద ఎవరూ అరవలేదు. టిల్బీలో అరవరు. మొదట ఒక కుర్చీ టక్కున మడిచిన చప్పుడైంది. తర్వాత ఇంకొకటి. తర్వాత వరసగా టక్, టక్, టక్. తీర్పు అలా చెప్పారు జనం, ఒక్క మాట అనకుండా, తల పైకెత్తకుండా.

తొట్టె కిందికి దిగేసరికి ఆర్డిస్ చేతిలో పానా ఇంకా అలాగే ఉంది. నోయెమీ పళ్లెం గట్టు మీద పెట్టి పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంది.

“దోన్యా ఆర్డిస్, కూర్చోండి. ముందు నీళ్లు తాగండి.” దోన్యా అంటే వాళ్ల భాషలో అమ్మగారూ అని.

“నన్ను పట్టుకోకు తల్లీ” అంది ఆర్డిస్. “నా మాట నమ్మి పొయ్యి పెట్టుకున్నావు. నిన్ను నట్టేట ముంచాను.”

“ముంచితే ఈదుతాను. ఫ్యాక్టరీలో ఇంతకన్నా చల్లటి నీళ్లు చూశాను.”

అంతలో నారిస్ రోడ్డు దాటొచ్చాడు. పొట్టిగా, బరువుగా, చేతులు కోటు జేబుల్లో పెట్టుకుని. “ఇంటికి పద ఆర్డిస్. ఇక్కడ నిలబడకు.”

ఆమెకు తిక్క రేగింది. “ఏం, మేయర్ గారూ? సంబరమా? గీతలు గీసేవాళ్లని పిలిపించుకోండి. ఏ కారు ఎక్కడ నిలవాలో గీయించుకోండి. రాయి లేదు, అడ్డు లేదు!”

“నేను ముందే వద్దన్నాను.”

“అన్నారు. ఎందుకో అనలేదు.”

నారిస్ చూపు దీపస్తంభం వైపు పోయింది. అక్కడ వెర్లిన్ నేల చూపులు చూస్తున్నాడు. ఆర్డిస్ ఇద్దర్నీ చూసింది. ఆ క్షణాన ఆమెకు ఏమీ తట్టలేదు. సిగ్గు తలకెక్కినప్పుడు మనిషికి కళ్లు సరిగా పనిచేయవు. గిరుక్కున తిరిగి దుకాణంలోకి వెళ్లిపోయింది.

రెండు నిమిషాలకు గుమ్మం గంట మోగింది. వెర్లిన్ లోపలికొచ్చి, బూట్లు కొనేవాళ్లు కూర్చునే కుర్చీలో కూలబడ్డాడు. ఆర్డిస్ కాళ్లు వాటంతటవే నడిచి, ఎదురుగా ఉన్న పొట్టి స్టూలు మీద ఆమెను కూర్చోబెట్టాయి. యాభై ఏళ్ల అలవాటు. వెర్లిన్ కూడా అలవాటుకొద్దీ స్టూలు ముందున్న వాలుబల్ల మీద కుడికాలు పెట్టి, మళ్లీ చటుక్కున తీసేసుకున్నాడు.

“పెట్టు, ఫర్వాలేదు” అంది ఆర్డిస్ నిస్సత్తువగా. “ఆ బూట్లు నేనమ్మినవేగా.”

“అమ్మాయ్” అన్నాడు వెర్లిన్. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. “ఆ గోడ కొట్టింది నేనే.”

బయట ఇంకా కుర్చీలు మడుస్తున్నారు.

“పంతొమ్మిదేళ్ల వెధవని అప్పుడు. మా బాబాయి దగ్గర పని నేర్చుకుంటున్నా. హైవే మీద కొత్త షాపింగ్ ప్లాజా వచ్చింది చూడు, గాజు తలుపులూ, తళతళలాడే గోడలూ. అది చూసి ఈ వీధిలో ప్రతివాడికీ వణుకు. రేకులమ్మేవాడు ఆల్బం పట్టుకు తిరిగాడు. పాత మొహం పెట్టుకుంటే ఎవడొస్తాడయ్యా అన్నాడు. మీ నాన్న సంతకం పెట్టాడు. పెట్టాక అప్పుడు చెప్పాడు ఆ రేకులవాడు, రేకు అతుక్కోవాలంటే గోడ చదునుగా ఉండాలీ, పొడుచుకొచ్చిందల్లా కొట్టేయాలీ అని.”

పులిని చూసి నక్క వాతలు పెట్టుకుందని మనకో సామెత ఉందిగా. టిల్బీలో ఆ ఏడు తొమ్మిది కొట్లు వాతలు పెట్టుకున్నాయి. పులి కూడా ఎక్కువ కాలం బతకలేదు, ఆ ప్లాజా ఇప్పుడు గడ్డి మొలిచి పడి ఉంది.

“నాన్న ఒప్పుకున్నాడా?” అంది ఆర్డిస్.

“ఒక రోజంతా ఆలోచించాడు. మర్నాడు పొద్దున్నే వచ్చి నా చేతిలో సుత్తి లాక్కున్నాడు. మొదటి దెబ్బ నాది, రేపు ఎవడైనా తిడితే నన్ను తిట్టాలి, ఈ కుర్రాణ్ని కాదు అన్నాడు. ఒక్క దెబ్బ కొట్టాడు. ద్రాక్షగుత్తి ఊడిపడింది. లోపలికెళ్లి ఆ వెనక గదిలో బూట్ల పెట్టెల మధ్య కూర్చున్నాడు. మేం మూడు రోజులు కొట్టాం. మూడు రోజులూ మీ నాన్న బయటికి రాలేదు.”

“అమ్మ?”

“నిన్నూ మూడేళ్ల మీ తమ్ముణ్నీ తీసుకుని పుట్టింటికెళ్లింది. తిరిగొచ్చేసరికి రేకులు బిగించేశాం. అవి చూసి ఆమె మొహం ఎలా పాలిపోయిందనుకున్నావ్! అప్పుడన్నాడు మీ నాన్న, ‘ఇంగా, అంతా లోపల భద్రంగా ఉంది, మీ అమ్మ బొమ్మకి కోటు తొడిగానంతే’ అని. ఆమె తాతగారి చేతి పని కదా మరి. నిజం చెప్పడానికి నోరు రాలేదు. నేను అక్కడే ఉన్నా, పక్కనే. నేనూ నోరు మూసుకున్నా.”

ఆర్డిస్‌కు ఒకటి గుర్తొచ్చింది. అమ్మ రోజూ పొద్దున దుకాణం తలుపు తీసే ముందు ఆ చల్లటి రేకు మీద అరచెయ్యి వేసి రెండుసార్లు తట్టేది. ‘లేచావా అమ్మా?’ అనేది. లోపలున్న జడలపిల్లతో. అలా తొమ్మిదేళ్లు, కేన్సరుతో మంచం పట్టేదాకా. నాన్న పక్కనే నిలబడి తాళాలు వెతుక్కుంటూ ఉండేవాడు. ఆయనకు తాళాలు ఎప్పుడూ ఎందుకు దొరికేవి కావో ఆర్డిస్‌కు ఇప్పుడు తెలిసింది.

“రోజూ నా కాఫీ తాగావు” అంది. “నేను ఆ దరఖాస్తు రాస్తున్నప్పుడు నా ఎదురుగా కూర్చున్నావు. ఆ కాళ్లతో నా గుమ్మం ఎలా తొక్కావు వెర్లిన్? ఒక్క మాట, ఒక్క ముక్క చెబితే ఊరందరి ముందూ ఇలా...” రెండు చేతుల్లో ముఖం దాచుకుని భోరుమంది. మీరు ఎన్ని భాగాల నుంచి ఈవిడ వెంట వస్తున్నారో గుర్తుందా? మొగుడు పోయినా, వీధి ఖాళీ అయినా ఏడవని మనిషి. వెర్లిన్ టోపీ నలుపుతూ కూర్చున్నాడు. ఓదార్చే అర్హత తనకు లేదని ఆయనకు తెలుసు.

రెండు మేడల మధ్య తలుపు దగ్గర అలికిడైంది. నోయెమీ. ఎంతసేపటి నుంచి అక్కడుందో, చేతిలో నాలుగు మడతలు పడ్డ కాగితాలున్నాయి. ఆర్డిస్ పంపిన దరఖాస్తు తాలూకు నిబంధనలు. ఆర్డిస్ వాటిని కళ్లజోడు సగం దించి పైపైన చదివింది. నోయెమీ నిఘంటువు పక్కన పెట్టుకుని మూడుసార్లు చదివింది.

“దోన్యా ఆర్డిస్, ఆరో పేజీ చూశారా?”

“ఇప్పుడు పేజీలెందుకమ్మా?”

“వినండి. ముఖభాగం పాడైపోయినా, అసలు రాళ్లలో ఒక్కటైనా చెడకుండా దొరికితే, దాన్నీ పాత ఫొటోలనీ పట్టుకుని మిగతాది తిరిగి కట్టుకోవచ్చట. ఒక్క రాయి చాలు. ఏదో ఒకటి మిగిలి ఉండదా? పెరట్లోనో, నేలమాళిగలోనో?”

“అంతా ముక్కలు చేశాడుగా, వింటున్నావుగా” అంది ఆర్డిస్.

వెర్లిన్ తల ఎత్తాడు. “అంతా కాదు.”

ఇద్దరూ అతని వంక చూశారు.

“పిల్లని కొట్టలేదు. నాలుగో రోజు ఆ ఒక్కటే మిగిలింది. మీ నాన్న బయటికొచ్చి, దాని మీద దెబ్బ పడితే ఊరుకోను అన్నాడు. చుట్టూ గాడి తీసి, పూట పట్టింది ఊడదీయడానికి. మూతి కొస కూడా చెదరలేదు. దుప్పట్లో చుట్టి కారు డిక్కీలో పెట్టుకుని తీసుకెళ్లాడు.”

నలుచదరపు గుంట, ఇటుకలతో పూడ్చిన గుంట ఆర్డిస్ కళ్లముందు కదిలింది. లేచి నిలబడింది. “ఎక్కడికి?”

“ఎక్కడ దాచాడో తొమ్మిదేళ్లు నాకూ తెలీదు. మీ అమ్మ పోయాక నన్ను పిలిచాడు. సమాధిరాయి కింద పునాది వేయాలి, రా అన్నాడు. వెళ్తే, డిక్కీలో అదే దుప్పటి. మీ అమ్మ తలాపున, రాయి కింద పెట్టించాడు. బతికుండగా ఇవ్వలేకపోయాను, ఇప్పుడైనా అమ్మని కూతురి దగ్గర పెట్టనీ అన్నాడు.”

ప్రతి ఏడూ మే నెలాఖరు సోమవారం, ఊరంతా సమాధులకు పూలు పెట్టే రోజున, ఆర్డిస్ ఖాళీ కాఫీ డబ్బాలో పియొనీ పూలు పెట్టి వచ్చేది సరిగ్గా అక్కడే. ఆ మట్టి మీద మోకాళ్లూని కలుపు పీకింది, నీళ్లు పోసింది. నాన్నను కూడా పక్కనే పూడ్చారు.

వీధి నిలబడాలంటే అమ్మ సమాధి కదపాలి. నోయెమీ పొయ్యి వెలగాలంటే, నాన్న చేసిన ఒకే ఒక్క మంచిపని తవ్వి తీయాలి. నోయెమీకి కూడా అర్థమైనట్టుంది, కాగితాలు మడిచి ఏప్రాన్ జేబులో పెట్టేసుకుంది.

“వద్దు దోన్యా ఆర్డిస్” అంది నెమ్మదిగా. “పొయ్యి ఇంకోచోట పెట్టుకోవచ్చు. అమ్మని లేపకూడదు.”

“నువ్వు ఊరుకో” అంది ఆర్డిస్. కానీ కసిరినట్టు లేదు. వెర్లిన్ వైపు తిరిగింది. “సమాధిరాయి కదపాలంటే పిల్లలిద్దరూ సంతకం పెట్టాలి. ఆ మేయర్ గారు పెట్టరు. నీకు కాకుండా ఇది ఇంకెవరికి తెలుసు?”

వెర్లిన్ టోపీ తలకు పెట్టుకుని లేవబోయాడు.

“చెప్పు. ఇంకా కడుపులో ఏం దాచావ్?”

“ఆ రోజు లాంతరు పట్టుకోడానికి మీ నాన్న పన్నెండేళ్ల కుర్రాణ్ని వెంట తెచ్చాడు” అన్నాడు వెర్లిన్. “అక్కకి చెప్పకు, దానికి అమ్మ నమ్మిందే నిజంగా ఉండనీ అని ఒట్టు వేయించుకున్నాడు.”

దుకాణం పని వేళల్లో మూసిందంటే, యాభై ఏళ్లలో అది రెండోసారి. ఆర్డిస్ తలుపు మీద పలక తిప్పి, బయటికి నడిచింది.

వీధి ఖాళీ. ఎదుటి ఫుట్‌పాత్ మీద ఎవరో మరిచిపోయిన నాలుగైదు కుర్చీల్ని నారిస్ ఒక్కడే మడిచి గోడకు ఆనిస్తున్నాడు. ఆ రేకుల జోలికి పోవద్దని గుమ్మంలో నిలబడ్డ మనిషి గుర్తొచ్చాడామెకు. ఓర్వలేక కాదు. పన్నెండో ఏట నెత్తిన పెట్టిన బరువు దించుకోలేక. దాన్ని దాయడానికి మేడనే లేకుండా చేద్దామనుకున్నాడేమో పిచ్చివాడు.

“నారిస్” అంది.

అతను ఉలిక్కిపడ్డాడు. పదకొండేళ్ల తర్వాత ఆ పేరు ఆ నోట వచ్చింది.

“నీకు తెలుసు.”

తల ఊపాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“అమ్మ రాయి కదపాలి. నువ్వు సంతకం పెట్టాలి. తిట్టడానికి రాలేదు, అడగడానికొచ్చాను. ఆ పిల్ల ఒక్కటీ ఉంటే చాలట.”

నారిస్ చేతిలో కుర్చీని గోడకు ఆనించాడు. అది జారి పడింది. తీయలేదు.

“రాయి కదిపి లాభం లేదు ఆర్డీ” అన్నాడు. చిన్నప్పటి పిలుపు. “అది అక్కడ లేదు. నాన్నని పూడ్చిన రోజున నేనే తీశాను.”

ఆమె అతని చెయ్యి పట్టుకుంది. “ఉందా? బాగుందా?”

నారిస్ రోడ్డు దాటి తన కారు దగ్గరికెళ్లి, ఆమె ఎక్కడానికి పక్క తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు.